ఒకే గీతం, రెండు గొంతులు: జోనీ మిచెల్ ‘బోత్ సైడ్స్ నౌ’ (2000) - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కెనడాకు చెందిన గాయని, గీతరచయిత్రి జోనీ మిచెల్ 2000లో వెలువరించిన ‘బోత్ సైడ్స్ నౌ’ ఆల్బమ్‌లో 12 పాటలున్నాయి. వాటిలో 10 పాటలు ఇతరులు రచించినవి. స్వీయానుభవ గీతాలకు పేరుపొందిన రచయిత్రి, తన 56వ ఏట ఇతరుల మాటలను ఆశ్రయించి చేసిన ఈ ఆల్బమ్ ఆమె రికార్డులన్నింటిలోనూ అత్యంత ఆత్మీయమైన వాటి సరసన నిలిచింది. ఈ వైరుధ్యానికి కారణాన్ని పాటల ఎంపికలోను, వాటి క్రమంలోను, వయసుతో మారిన కంఠంలోను అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాప్ సంగీతంలో ఆత్మాశ్రయత్వం రచనలో మాత్రమే కాక గానంలో కూడా ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాప్ సంగీతం, జోనీ మిచెల్, ఆత్మాశ్రయత్వం, కంఠస్వరం, వయసు, స్టాండర్డ్స్.

1. ఉపోద్ఘాతం:
ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో పాప్ సంగీత పరిశ్రమ ప్రధానంగా యువత కోసం, యువత చేత నడిచింది. అందువల్ల గాయనీగాయకుల చరిత్రను రాసేవారు కూడా తొలి విజయాలకే పెద్దపీట వేస్తూ వచ్చారు. గాయనుల విషయంలో ఈ ధోరణి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వయసు మీరిన గాయకుడి గొంతులోని గరుకుదనాన్ని అనుభవానికి గుర్తుగా మెచ్చుకునే విమర్శ, గాయని గొంతులో అదే మార్పు వస్తే దానిని నష్టంగా లెక్కించడం తరచు జరిగేదే. ‘ఆమె గొంతు పోయింది’ అన్న ఒక్క వాక్యంతో దశాబ్దాల కృషి మీద తెరపడుతుంది.

జోనీ మిచెల్ విషయంలో ఈ వాక్యం సరిపోతుందా అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న. తన యౌవనంలో రాసి, పాడిన గీతాన్నే మూడు దశాబ్దాల తర్వాత మళ్ళీ పాడి రికార్డు చేయడం వల్ల ఆమె ఈ ప్రశ్నకు అరుదైన ఆధారాన్ని అందించారు. మాటలు అవే. బాణీ అదే. మారినది కంఠం, దాని చుట్టూ ఉన్న వాద్యం. ఈ రెండు రికార్డులను పక్కపక్కన ఉంచి వినడం ద్వారా వయసు ఒక పాటకు ఏం చేస్తుందో పరిశీలించే వీలు కలుగుతుంది.

2. చారిత్రక నేపథ్యం:
జోనీ మిచెల్ అసలు పేరు రాబర్టా జోన్ ఆండర్సన్. ఆమె 1943 నవంబరు 7న కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో జన్మించారు. సస్కటూన్ నగరంలో పెరిగారు. తొమ్మిదేళ్ళ వయసులో పోలియో సోకింది. ఆ వ్యాధి వల్ల ఎడమచేయి బలహీనపడింది. గిటారు తంత్రులను మామూలు పద్ధతిలో కాక తనకు అనువైన శ్రుతులలో సవరించుకోవడం ఆమె అలవాటు చేసుకోవడానికి ఇది ముఖ్య కారణం. కాలక్రమంలో ఆ అలవాటే ఆమె సంగీతానికి ప్రత్యేకతగా మారింది.

‘బోత్ సైడ్స్ నౌ’ గీతాన్ని ఆమె 1967లో, 23 ఏళ్ళ వయసులో రాశారు. విమానంలో ప్రయాణిస్తూ సాల్ బెల్లో నవల ‘హెండర్సన్ ద రెయిన్ కింగ్’ చదువుతుండగా, అందులోని కథానాయకుడు విమానం నుంచి మబ్బులను కిందుగా చూసే ఘట్టం ఆమెకు ప్రేరణ ఇచ్చింది. గీతంలో మూడు భాగాలున్నాయి. మొదటిది మబ్బుల గురించి, రెండవది ప్రేమ గురించి, మూడవది జీవితం గురించి. ప్రతి భాగంలోనూ ఒకే వస్తువును రెండు వైపులా చూసిన తర్వాత కూడా తనకు దాని నిజస్వరూపం తెలియలేదన్న అంగీకారం ఉంటుంది.

ఈ గీతం మొదట ఇతరుల గొంతుల ద్వారానే లోకానికి చేరింది. జూడీ కాలిన్స్ 1967లో ‘వైల్డ్‌ఫ్లవర్స్’ ఆల్బమ్‌లో పాడారు. ఆ రికార్డు మరుసటి సంవత్సరం అమెరికాలో తొలి పది స్థానాల్లో నిలిచింది. ఫ్రాంక్ సినాట్రా 1968లో పాడారు. రచయిత్రి స్వయంగా పాడిన రికార్డు 1969లో ‘క్లౌడ్స్’ ఆల్బమ్‌లో మాత్రమే వెలువడింది. 1971లో వచ్చిన ‘బ్లూ’ ఆల్బమ్‌తో ఆమెకు స్వీయానుభవాన్ని దాపరికం లేకుండా పాడే రచయిత్రిగా కీర్తి స్థిరపడింది. అప్పటి నుంచి ఆమె పాటలను ఆమె జీవితానికి అనుబంధంగా చదవడం విమర్శకులకు అలవాటయింది.

3. ఆల్బమ్ నిర్మాణం:
2000 నాటి ఆల్బమ్‌ను మిచెల్‌తో కలిసి లారీ క్లైన్ నిర్మించారు. ఆయన 1982లో ఆమెను వివాహం చేసుకుని, 1990లలో విడిపోయిన సంగీతకారుడు. ఒక ప్రేమబంధం ఎలా మొదలై ఎలా ముగుస్తుందో చెప్పే ఆల్బమ్‌ను, ముగిసిన ఒక బంధంలోని ఇద్దరూ కలిసి రూపొందించడం గమనించదగిన విషయం. వాద్యరచన, నిర్వహణ విన్స్ మెండోజా చేశారు. లండన్‌లోని ఎయిర్ స్టూడియోలో, పూర్వం చర్చిగా ఉన్న భవనంలో, పెద్ద ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. వేన్ షార్టర్, హెర్బీ హాంకాక్ వంటి జాజ్ విద్వాంసులు పాల్గొన్నారు. ముఖచిత్రం మిచెల్ స్వయంగా చిత్రించుకున్న ఆత్మచిత్రం. అందులో ఆమె చేతిలో సిగరెట్టుతో కనిపిస్తారు.

ఇతరుల పాటలన్నీ ‘స్టాండర్డ్స్’ అనే వర్గానికి చెందినవి. బ్రాడ్వే నాటకాల కోసం, హాలీవుడ్ చిత్రాల కోసం, నృత్యవాద్యబృందాల కోసం రాయగా, తర్వాత తరతరాల గాయనీగాయకులు పాడుతూ వచ్చిన పాటలను ఈ పేరుతో పిలుస్తారు. హెరాల్డ్ ఆర్లెన్, టెడ్ కోలర్ రచించిన ‘స్టార్మీ వెదర్’ 1933 నాటిది. రోడ్జర్స్, హార్ట్ జంట రచించిన ‘ఐ విష్ ఐ వర్ ఇన్ లవ్ అగైన్’ 1937 నాటి ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ నాటకంలోనిది. ‘ఎట్ లాస్ట్’ 1940ల తొలినాటిది.

పాటల క్రమం యాదృచ్ఛికం కాదు. ‘యూ ఆర్ మై థ్రిల్’తో తొలి ఆకర్షణ, ‘ఎట్ లాస్ట్’తో ప్రేమ ఫలించిన ఆనందం వ్యక్తమవుతాయి. నాల్గవ పాట ‘యూ హావ్ ఛేంజ్‌డ్’ దగ్గరకు వచ్చేసరికి ప్రియుడిలో మార్పు కనిపిస్తుంది. ‘స్టార్మీ వెదర్’లో దుఃఖం పరాకాష్ఠకు చేరుతుంది. పదకొండవ పాటలో పాత బాధలన్నీ తెలిసి కూడా మళ్ళీ ప్రేమలో పడాలన్న కోరిక హాస్యంతో పలుకుతుంది. మిచెల్ సొంత పాటలు రెండే. ఆరవ స్థానంలో ‘బ్లూ’ నాటి ‘ఎ కేస్ ఆఫ్ యూ’, చివరన ‘బోత్ సైడ్స్ నౌ’. ఒకటి కథకు నడుమ, మరొకటి కథకు ముగింపుగా నిలిచాయి.

4. పరుల మాట - స్వీయానుభవం:
స్టాండర్డ్స్ కాలంలో గీతకర్త, స్వరకర్త, గాయని వేర్వేరు వ్యక్తులు. గాయని పని తనది కాని మాటను తనదిగా వినిపించడం. 1960లలో గీతరచయితలే గాయకులైన తరం వచ్చిన తర్వాత ఈ శ్రమవిభజనకు విలువ తగ్గింది. సొంతంగా రాసినదే నిజాయితీ గల పాట అన్న భావన బలపడింది. ఆ భావనకు ప్రతీకగా నిలిచిన వ్యక్తులలో మిచెల్ ముఖ్యురాలు. అటువంటి వ్యక్తి పాత పద్ధతికి మరలడం వెనుకంజగా కనిపించవచ్చు.

అయితే గాయని ఆత్మాశ్రయత్వం రచయిత్రి ఆత్మాశ్రయత్వం కంటె భిన్నమైనది. రచయిత్రి ‘నాకు ఇలా జరిగింది’ అని చెబుతుంది. గాయని జరిగినదేమిటో చెప్పదు. ఏ మాట దగ్గర ఆగుతుంది, ఏ మాటను తేలికగా దాటవేస్తుంది, ఏ స్వరం దగ్గర ఊపిరి తీసుకుంటుంది అన్నవాటిలో ఆమె అనుభవం ధ్వనిస్తుంది. ఇక్కడ జీవితవివరాలు ఏమీ బయటపడవు. తన పాటలలో ఎవరెవరి నీడలున్నాయో వెదకడానికి అలవాటుపడిన శ్రోతలకు, దశాబ్దాలనాటి పాత పాటలు ఆ అవకాశం ఇవ్వవు. వినడానికి మిగిలేది గొంతు మాత్రమే.

ఈ విషయంలో మిచెల్‌కు ఒక స్పష్టమైన పూర్వోదాహరణ ఉంది. బిల్లీ హాలిడే 1958లో రే ఎల్లిస్ వాద్యరచనతో ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్ పాడారు. మరుసటి సంవత్సరం 44 ఏళ్ళ వయసులో మరణించారు. తీగవాద్యాల నునుపు నడుమ హాలిడే గొంతులోని అలసట మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ఆ ఆల్బమ్‌ను శిథిలకంఠానికి నిదర్శనంగా భావించినవారూ ఉన్నారు, ఆమె కళకు పరిపూర్ణతగా భావించినవారూ ఉన్నారు. ‘యూ హావ్ ఛేంజ్‌డ్’ ఆ ఆల్బమ్‌లోని పాటే. మిచెల్ అదే పాటను, అటువంటి వాద్యసందర్భంలోనే ఎన్నుకోవడం వల్ల ఆమె ఆల్బమ్ ఆ సంప్రదాయంలోకి చేరుతుంది.

5. 1969, 2000: రెండు రికార్డుల తులన:
1969 నాటి ‘బోత్ సైడ్స్ నౌ’లో గిటారు, గొంతు తప్ప మరేమీ లేవు. నిడివి సుమారు నాలుగున్నర నిమిషాలు. గొంతు తారస్థాయిలో తేలికగా సంచరిస్తుంది. పాదాంతాలలో స్వరం పైకి ఎగిరే తీరు మబ్బుల ప్రస్తావనకు సహజంగా అమరుతుంది. జీవితాన్ని రెండు వైపులా చూశానని 25 ఏళ్ళ యువతి అంటున్నప్పుడు శ్రోతకు వినిపించేది అనుభవం కన్న ఊహ. ఆ గీతం అందం కూడా అందులోనే ఉంది.

2000 నాటి రికార్డు నిడివి ఐదున్నర నిమిషాలకు పైమాటే. నడక బాగా విలంబితం. గొంతు మంద్రస్థాయికి దిగింది. జీర తోడయింది. ఈ మార్పునకు పొగతాగడం కారణమని పలువురు రాశారు. మిచెల్ మాత్రం స్వరతంత్రులపై ఏర్పడిన బుడిపెలను, పోలియో మిగిల్చిన ప్రభావాన్ని కూడా కారణాలుగా పేర్కొన్నారు. కారణం ఏదైనా, పై స్వరాలకు ఎగరడం ఈ గొంతుకు సాధ్యం కాదు. ఆ లోటును ఆమె మాటల విరుపుతో పూరించారు. తాళాన్ని అంటిపెట్టుకోకుండా, మాటను కాస్త ఆలస్యంగా, మాట్లాడుతున్నంత సహజంగా వదులుతారు. ఎగరవలసిన చోట ఆగుతారు. ఆ ఆగిన చోట ఆర్కెస్ట్రా నిండుకుంటుంది. చివరలో షార్టర్ సాక్సఫోన్ గొంతు వదిలిన చోటు నుంచి పైకి సాగుతుంది.

అర్థంలో వచ్చిన మార్పు మరింత ముఖ్యమైనది. మిత్రులు తనను చూసి తల ఊపుతున్నారని, తాను మారానని అంటున్నారని గీతంలో ఒక భావం ఉంది. యువతి పాడినప్పుడు అది కొత్తగా వచ్చిన కీర్తి గురించిన మాటలా తోస్తుంది. 56 ఏళ్ళ వయసులో మారిన గొంతుతో అదే భావం పలికినప్పుడు, ఆ మార్పు శ్రోత చెవికే తెలుస్తూ ఉంటుంది. అలాగే జీవితం తనకు తెలియనే తెలియదన్న ముగింపు మొదటి రికార్డులో వినయంగా వినిపిస్తే, రెండవదానిలో తీర్పుగా వినిపిస్తుంది. 23 ఏళ్ళ వయసులో రాసిన మాట నిజమో కాదో తేలడానికి 33 ఏళ్ళు పట్టిందనవచ్చు.

6. స్వీకృతి - అభ్యంతరాలు:
ఈ ఆల్బమ్‌పై రెండు అభ్యంతరాలు తలెత్తే అవకాశం ఉంది. మొదటిది, పాత పాటలను ఆర్కెస్ట్రాతో పాడడం అప్పటికే పరీక్షించిన వ్యాపారమార్గమన్నది. లిండా రాన్‌స్టాట్ 1983లో నెల్సన్ రిడిల్ వాద్యరచనతో చేసిన ‘వాట్స్ న్యూ’ ఘనవిజయం సాధించిన మాట నిజమే. కాని స్టాండర్డ్స్ వరుసలో సొంత గీతాలను కూడా చేర్చి, వాటన్నిటినీ ఒకే కథగా అల్లడం మిచెల్ ఆల్బమ్‌ను ఆ మార్గం నుంచి వేరుచేస్తుంది. రెండవ అభ్యంతరం ఆర్కెస్ట్రాకు సంబంధించినది. ‘బ్లూ’లో డల్సిమర్, గిటారు తోడుగా వినిపించిన ‘ఎ కేస్ ఆఫ్ యూ’ ఏకాంతం ఇన్ని వాద్యాల నడుమ కొంత పలచబడిందన్న మాటను పూర్తిగా తోసిపుచ్చలేము. ఆ పాట విషయంలో మొదటి రికార్డుకే మొగ్గు చూపే శ్రోతలకు తగిన కారణం ఉంది. ఆల్బమ్‌లో వయసు వల్ల అత్యధికంగా లాభపడిన పాట చివరిది.

2001 గ్రామీ పురస్కారాలలో ఈ ఆల్బమ్ ఉత్తమ సంప్రదాయ పాప్ గాన ఆల్బమ్‌గా ఎంపికైంది. శీర్షికగీతపు వాద్యరచనకు మెండోజా గ్రామీ అందుకున్నారు. 2003లో వచ్చిన ‘లవ్ యాక్చువల్లీ’ చిత్రంలో భర్త మోసాన్ని గ్రహించిన భార్య పడకగదిలో ఒంటరిగా కన్నీళ్ళు తుడుచుకునే సన్నివేశానికి దర్శకుడు 2000 నాటి రికార్డునే వాడుకున్నారు. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుండగా దుఃఖాన్ని దిగమింగుకునే నడివయసు స్త్రీకి 1969 నాటి గొంతు నప్పదు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట, నడక కోల్పోయిన మిచెల్, వాటిని తిరిగి అభ్యసించి 2024 ఫిబ్రవరిలో 80 ఏళ్ళ వయసులో గ్రామీ వేదికపై ఇదే గీతాన్ని పాడారు. ఆ వేదికపై ఆమె గానం చేయడం అదే మొదటిసారి.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- పాప్ సంగీతంలో ఆత్మీయత స్వీయరచనకే పరిమితం కాదు. ఇతరుల మాటలు పాడుతున్నప్పుడు కూడా పాటల ఎంపిక, క్రమం, ఉచ్చారణ గాయని అనుభవాన్ని వ్యక్తం చేస్తాయి.
- కంఠంలో వయసు తెచ్చిన మార్పును నష్టంగా మాత్రమే లెక్కించడం అసంపూర్ణ విమర్శ. ‘బోత్ సైడ్స్ నౌ’లో తారస్థాయి కోల్పోవడం వల్లనే గీతానికి కొత్త అర్థం సాధ్యమైంది.
- వయసు అన్ని పాటలకూ సమానంగా మేలు చేయదు. ఒకే ఆల్బమ్‌లోని రెండు స్వీయగీతాలు భిన్నఫలితాలనివ్వడం ఇందుకు నిదర్శనం.
- ఒకే గాయని ఒకే పాటను వేర్వేరు వయసుల్లో పాడిన రికార్డులు సంగీతచరిత్రకు విలువైన ఆధారాలు. తొలి రికార్డును మూలంగా, తర్వాతివాటిని నకళ్ళుగా భావించే అలవాటును పునఃపరిశీలించడం అవసరం.

మొదటి రికార్డు లేకపోతే రెండవదానిలో ఏం మారిందో తెలియదు. రెండవది లేకపోతే మొదటిదానిలో ఇంకా అనుభవానికి రాని మాట ఏదో తెలియదు. గాయని చరిత్రను ఆమె యౌవనంతో ముగించే పద్ధతిలో ఈ రెండవ జ్ఞానానికి చోటు ఉండదు.