లిపి లేని చోట తెలుగు జాబు



1514వ సంవత్సరమున కృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలుచుకొనెను. అయిదు వందల యేండ్ల నాటి ఆ సంగతి నేడు మనకు నిస్సంశయముగా తెలియుటకు కారణమేమి? దానిని పలుచోట్ల వ్రాయించుటయే. తిరుమలలో శిలపై నెక్కించిరి. ఉదయగిరినుండి కొనిపోయిన బాలకృష్ణ విగ్రహమును హంపిలో ప్రతిష్ఠించి అచ్చటను శాసనము నిలిపిరి. ఒక రాయి పగిలినను మఱొక రాయి సాక్ష్యము చెప్పును. చెక్కినవాడు అక్షరము తప్పక చెక్కెను గనుక నేటివారు చదువగలుగుచున్నారు. ప్రతులు పెక్కగుట, అక్షరము తప్పకుండుట - వార్త నిలుచుటకు ఈ రెండును కావలెను. మన కాలమున సముద్రముల కావల నున్న తెలుగువారు కంప్యూటరుపై ఈ రెండు ధర్మములను ఎట్లు పాటించిరో నేడు మనవి చేసెదను.

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు 1979లో ఒక యేర్పాటు తలపెట్టిరి. పొరుగు విశ్వవిద్యాలయమునందలి స్టీవ్ బెలోవిన్ వారికి తోడయ్యెను. 1980లో అది నడువసాగెను. దానిపేరు యూజ్‌నెట్. రాత్రివేళ టెలిఫోను రుసుము తక్కువ గనుక, ఒక కంప్యూటరు మఱొకదానికి ఫోను చేసి తనయొద్దనున్న క్రొత్త జాబుల నిచ్చి, దానియొద్దనున్నవి పుచ్చుకొనెడిది. అది మఱొకదానికి, ఆ మఱొకటి వేఱొకదానికి అందించెడివి. దానికి రాజధాని లేదు, అధిపతి లేడు. ఒకడు వ్రాసిన జాబునకు కొలదికాలములోనే దేశదేశముల ప్రతులేర్పడెడివి. విషయమునుబట్టి జాబులను వేఱుపఱచి ఒక్కొక్క విభాగమునకు న్యూస్‌గ్రూప్ అని పేరిడిరి. మనము దానిని రచ్చబండ యనుకొనవచ్చును. మన రచ్చబండమీది మాట గాలిలో కలియును. అచ్చటి మాట వ్రాతయై నిలుచును. ఇంతియే భేదము.

1990 దశకపు తొలినాళ్ళకు తెలుగువారికిని అచ్చట ఒక రచ్చబండ యేర్పడెను. దాని పూర్తిపేరు సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు, ఎస్.సి.ఐ.టి. అని సంక్షేపముగా పిలుచుచుండిరి. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు అందినది 1995 ఆగస్టు 15వ తేదీన. అందుచేత మొదట అందు పాల్గొన్నవారిలో హెచ్చుమంది విదేశములందలి విద్యార్థులు, ఉద్యోగులు. ఆత్మకూరునుండియో ఉదయగిరినుండియో పోయిన పిల్లవాని క్షేమము ఏరోగ్రాముపై వ్రాయబడి దినములతరబడి ప్రయాణము చేయుచున్న కాలమది.

ఆ జాబులను చదువుటకును వ్రాయుటకును ప్రత్యేక సాధనము లుండెడివి. 1984లో లారీ వాల్ రచించిన ఆర్.ఎన్. అనునది వానిలో ప్రసిద్ధము. జాబునకు శిరోభాగమున వ్రాయువాని పేరు, ఏ గ్రూపునకు పంపుచున్నది, విషయమేమి అనునవి ఒక్కొక్క పంక్తిగా నుండవలెను. పిమ్మట ఒక పంక్తి ఖాళీ. తరువాత విషయము. కడపట సంతకము, అది నాలుగు పంక్తులు మించుట మర్యాద కాదు. మనము "శ్రీ" మొదలు "ఇట్లు" వఱకు జాబునకు అంగములు ఏర్పఱచుకొన్నట్లే యిదియు.

బదులు వ్రాయునపుడు పూర్వపు జాబులోని వాక్యములు ఒక్కొక్క పంక్తికి ముందు బాణపుమొనవంటి గుర్తుతో వచ్చెడివి. దానిక్రింద తన మాట వ్రాయవలెను. మూలశ్లోకము పైన వ్రాసి వ్యాఖ్య క్రింద వ్రాయు మన పద్ధతికి ఇది దగ్గఱ. కావలసినంత మూలమునే నిలిపి తక్కినది తీసివేయుట వివేకము. నూఱు పంక్తుల జాబునంతయు తిరిగి యెత్తివ్రాసి క్రింద "బాగున్నది" అని ఒక్క మాట చేర్చినవానిని పెద్దలు మందలించెడివారు. బదులు అందఱికినా, వ్రాసినవానికి మాత్రమేనా అనునది ముందే నిశ్చయించుకొనవలెను.

అన్నిటికంటె గమనింపదగినది కడపటి మెట్టు. జాబు పంపబోవగా ఆర్.ఎన్. సాధనము హెచ్చరించెడిది: ఇది వేలకొలది యంత్రములకు పోవును, దీనికి ఇతరుల ధనము ఎంతో వ్యయమగును, పంపుట నిశ్చయమేనా, అని. అవునన్న పిమ్మటనే జాబు కదలెడిది. పంపినదానిని రద్దుచేయు ఉపాయమున్నను, అప్పటికే దూరము పోయిన ప్రతులన్నియు మరల చేతికి చిక్కవు.

ప్రతుల మాట యిది. ఇక అక్షరము మాట. ఆనాటి ఆ యంత్రములు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, గుర్తులు కలిసి 128 సంకేతములనే యెఱుగును. తెలుగు వ్రాయవలెనన్న రోమను లిపియే గతి. ఎవరికి తోచినట్లు వారు వ్రాసిన త యేదో ట యేదో, దీర్ఘమేదో హ్రస్వమేదో తెలియదు. ఈ చిక్కు తీర్చుటకు హ్యూస్టను నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు ఒక కట్టుబాటు కల్పించిరి. రైస్ అనగానే మనకు మొలగొలుకులు తలపునకు వచ్చును గాని, అది విలియం మార్ష్ రైస్ అను దాత పేరు. ఆ కట్టుబాటునకు ఆర్.టి.ఎస్. అనియు, దానిని తెలుగు లిపిలోనికి త్రిప్పు సాధనమునకు రిట్ అనియు పేర్లు. చిన్న టీ వ్రాసిన త, పెద్ద టీ వ్రాసిన ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఏ ఒక్కటి యైన అ, రెండైన ఆ. ఇట్లు వ్రాసిన తెలుగు వేషము మార్చుకొన్నదే గాని రూపు చెడలేదు; ఎప్పుడు కోరిన అప్పుడు తన లిపిలోనికి తిరిగి రాగలదు.

తరువాత తెలుగు లిపికి యూనికోడులో స్థానము కలిగెను. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే మన అక్షరము లున్నవి. 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. 2006లో లేఖిని అను సాధనము వచ్చెను. రెండింటియందును ఆర్.టి.ఎస్. త్రోవనే తెలుగు వ్రాయ వీలయ్యెను. లిపి లేని కాలమున పెట్టుకొన్న నియమము లిపి వచ్చిన పిమ్మటను అక్కఱకు వచ్చెను. యూజ్‌నెట్ మాత్రము క్షీణించెను. దాని పాత జాబులను భద్రపఱచిన గూగుల్ సంస్థ 2024 ఫిబ్రవరి 22 నుండి క్రొత్త జాబులు స్వీకరించుట మానెను.

ఇదంతయు మనకెందుకని మీరడుగవచ్చును. నేడు ప్రతి యింటను ఫోనున్నది. పిల్లలు ఏ కట్టుబాటును లేక రోమను లిపిలో తెలుగు పంపుకొనుచున్నారు. పట్నమందలి మనుమనికి "తాతకు కళ్ళు నొప్పి" అని వార్త పోయినదనుకొనుడు. కే, ఏ, రెండు ఎల్‌లు, యు అని వ్రాసిన కళ్ళా, కాళ్ళా? కల్లు అని చదివినను కాదనువాడు లేడు. ఏ వైద్యునికొఱకు వెదకవలెనో ఆ బిడ్డ కెట్లు తెలియును? ఆర్.టి.ఎస్. నియమమున ఆ మూడు మాటలకును మూడు వేఱు రూపము లున్నవి. ఇప్పుడైన ఆ శ్రమయు అక్కఱలేదు. ఫోనులోనే తెలుగు అక్షరము లున్నవి.

కాబట్టి పెద్దలకు నా మనవి రెండే. మనుమలచేత ఫోనులో తెలుగు లిపి తెఱిపించి, రోజునకొక జాబైన అందులో వ్రాయింపుడు. ఒత్తులు, దీర్ఘములు మీరు సరిచూడుడు. మీకు వచ్చిన వార్తను పదిమందికి పంపుటకు ముందు, ఆ పాత యంత్రము అడిగిన ప్రశ్నను మీకు మీరే వేసికొనుడు. నేటి ఫోను ఆ ప్రశ్న యడుగదు, అడుగవలసినవారము మనమే.