చిన్న టీ, పెద్ద టీ

మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడా లేదు. అయినా కొన్నేళ్ళపాటు ఇంటర్నెట్‌లో తెలుగు ఆ తేడా మీదే బతికింది.

1990ల మొదట్లో మామూలు కంప్యూటర్‌లో తెలుగు రాయడం తేలిక కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. అందులో చిన్న టీ అంటే 'త', పెద్ద టీ అంటే 'ట'. చిన్న ఎల్ 'ల', పెద్ద ఎల్ 'ళ'. మనవాళ్ళ కబుర్లు, పద్యాలు, కొట్లాటలు (అవే ఎక్కువ లెండి!) ఏళ్ళ తరబడి ఇలాగే నడిచాయి.

యూనిక్స్‌లో 1970ల నుంచీ 'టీఆర్' అనే ఆజ్ఞ ఉంది. పెద్దక్షరాలన్నీ చిన్నవి చెయ్యమంటే ఎంత ఫైలునైనా చిటికెలో మార్చేస్తుంది. ఇంగ్లీషు చదవడానికి ఇబ్బంది లేదు. ఆర్‌టీఎస్ తెలుగుకు మాత్రం కొంప మునుగుతుంది. పాట పాతవుతుంది, మాట మాతవుతుంది, కళ కలవుతుంది. గుడి 'గుది' అయితే అనుమానమైనా వస్తుంది. పాట, పాత రెండూ నిఘంటువులో ఉన్న మాటలే! వెనక్కి తిప్పే ఆజ్ఞ లేదు.

ఈమధ్య ఇక్కడే శాంటా క్లారాలో ఒక పెద్దాయన, పోయిన తమ్ముడి ఉత్తరాల ఫైలు తెచ్చారు. అన్నీ చిన్నక్షరాలే. ఇద్దరం కూర్చుని వాక్యం వాక్యం దిద్దుతున్నాం. తమ్ముడి మాటతీరు ఆయనకు తెలుసు గనక పని సాగుతోంది.

మీ దగ్గరా ఇలాంటివి ఉంటే అసలు ఫైలు ముట్టుకోకుండా దాచి, నకలును యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఆ తెలుగు మీద టీఆర్ ఎన్నిసార్లు నడిపినా ఒక్క అక్షరం కదలదు.