యుద్ధము, ఆనకట్ట, సరిహద్దు

రెండవ ప్రపంచ యుద్ధము (1939–1945) బళ్ళారి సీమలో జరుగలేదు. అయినను ఇచటి నేల రూపును, తెలుగువారి స్థితిని మార్చిన పరిణామములకు ఆ యుద్ధకాలమే నాంది యైనది.

సిరిగేరి యున్న సిరుగుప్ప తాలూకా నల్లరేగడి సీమ. వాన కురిసిన జొన్న, ప్రత్తి, కురియనిచో కరవు. తుంగభద్రకు కట్ట వేయవలెనని ఆర్థర్ కాటన్ 1860లోనే సూచించెను. కాని నది మద్రాసు, నిజాము రాజ్యముల నడుమ నుండుటచే వాదములతో ఎనుబదియేండ్లు గడచినవి. 1942లో బర్మా జపానువారి వశమై అచటి బియ్యము రాకపోయెను. మరుసటి యేట వంగదేశమున లక్షలమంది ఆకలిచే మరణించిరి. తిండిగింజల పెంపు ప్రభుత్వములకు తప్పనిసరి యైనది. యుద్ధమొక్కటే కారణమని చెప్పజాలము. అయినను 1944లో ఉభయులకు ఒడంబడిక కుదిరినది. 1945 ఫిబ్రవరి 28న, యుద్ధము ముగియకముందే, శంకుస్థాపన జరిగినది.

1953లో కాలువలకు నీరు వచ్చినది. ఆ యేడాదియే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మవతరించినది. అంతవరకు మద్రాసు రాష్ట్రములో ఒకే జిల్లాగా నున్న బళ్ళారి నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు చేరినవి. బళ్ళారి, సిరుగుప్ప మొదలగునవి మైసూరులో కలిసినవి. ఇల్లు కదలని తెలుగు కుటుంబములు ఒక్కనాటితో అల్పసంఖ్యాకులైనవి. బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట తాలూకాలను ఆంధ్రకు చేర్చవలెనని 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము సిఫారసు చేసినను, 1956 నాటి చట్టమున అది అంగీకరింపబడలేదు.

పిమ్మట ఈ నీటిని నమ్మి కోస్తా జిల్లాల రైతులు వచ్చి, భూములు కొని, క్యాంపులలో స్థిరపడిరి. మెట్టపైరు లెరిగిన నేలలో వరి సాగు విస్తరించినది. ఇట్లు సరిహద్దు వలన మిగిలినవారు, కాలువ వెంట వచ్చినవారు అను రెండు తెగల తెలుగువారు ఒకచోట చేరిరి. ఒకరి పలుకులో కన్నడము కలిసినది. మరొకరి పలుకులో కృష్ణా గోదావరుల యాస నిలిచినది. ఒకరినొకరు పరాయిగా చూచుకొనుట యుచితము కాదు.

దిగువ కాలువ నేటికిని సరిహద్దు దాటి ఆదోని వైపు పారుచున్నది. మన బిడ్డలు బడిలో కన్నడము చక్కగా నేర్వవలెను. అది ఈ గడ్డ భాష. తెలుగు చదువుట, వ్రాయుట మాత్రము ఇంటనే నేర్పవలెను. ఇంటిలో పెద్దలు నేర్పనిచో ఒక తరములోనే మాట మిగిలి అక్షరము పోవును.