ఉష్ణమండల జలాలలో వెట్‌సూట్ మందం

వెట్‌సూట్ అనేది నీటిలో మునిగేవారు శరీరపు వేడిని కాపాడుకోవడానికి ధరించే బిగుతైన దుస్తు. దీనిని నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు నురుగుతో తయారుచేస్తారు. దీని మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. భారతదేశపు ఉష్ణమండల తీరాలలో చాలాచోట్ల శీతాకాలంలో కూడా సముద్రపు నీరు 25 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనో, అంతకు పైనో ఉంటుంది. అందువలన ఇక్కడ స్కూబా డైవింగ్ చేయడానికి వెట్‌సూట్ అవసరం లేదనే అభిప్రాయం ఉన్నది. కాని ఆరోగ్యవంతుని అంతర్గత ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. కనుక 27 డిగ్రీల నీరు కూడా శరీరం నుండి నిరంతరం వేడిని గ్రహిస్తూనే ఉంటుంది. మందం ఎంపికకు గాలిలోని చలి కాక, నీటి ఉష్ణోగ్రత, మునిగే లోతు, నీటిలో గడిపే సమయం ఆధారాలు.

నీటిలో వేడి కోల్పోవడం

నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 24 రెట్లు ఎక్కువ. ఒకే ఘనపరిమాణం గల గాలితో పోలిస్తే నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి మూడు వేల రెట్లకు పైగా శక్తి కావాలి. ఈ రెండు కారణాల వలన, గాలిలో హాయిగా అనిపించే 26 డిగ్రీల ఉష్ణోగ్రత నీటిలో కొంతసేపటికే చలి పుట్టిస్తుంది. దుస్తులు లేకుండా కదలక ఉన్న మనిషి నీటిలో తన వేడిని నిలుపుకోవాలంటే ఆ నీరు సుమారు 33 నుండి 35 డిగ్రీలు ఉండాలి. ఏ సముద్రతీరంలోనూ శీతాకాలంలో ఇంత వెచ్చని నీరు సాధారణంగా లభించదు.

శరీరపు అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గిన స్థితిని హైపోథెర్మియా అంటారు. వెచ్చని జలాలలో ఈ స్థితి అరుదుగా వస్తుంది. అయితే దానికి ముందే వణుకు, వేళ్ళు మొద్దుబారడం, ఏకాగ్రత తగ్గడం, గాలి ఎక్కువగా పీల్చడం మొదలవుతాయి. సిలిండరులోని గాలి పరిమితం కాబట్టి నీటి అడుగున ఉన్నవారికి ఇవి ప్రమాదకరమైన లక్షణాలు.

చరిత్ర

నియోప్రీన్‌ను 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించారు. దీనితో వెట్‌సూట్ తయారుచేసిన ఘనత సాధారణంగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్‌కు ఇస్తారు. మనిషి వెచ్చగా ఉండటానికి పొడిగా ఉండనవసరం లేదని, దుస్తులోని సన్నని గాలి బుడగలు వేడిని ఆపితే చాలునని ఆయన 1950వ దశకం తొలినాళ్ళలో గుర్తించాడు. తరువాత జాక్ ఓనీల్ వంటి వ్యాపారులు వీటిని సముద్రపు అలలపై ఆడే సర్ఫర్లలో ప్రచారంలోకి తెచ్చారు.

పనిచేయు విధానం

దుస్తుకు, చర్మానికి మధ్య కొద్దిపాటి నీరు చేరి శరీరపు వేడితో వెచ్చబడుతుంది. ఈ నీరే వెచ్చదనాన్ని ఇస్తుందనే నమ్మకం ఉన్నది. నిజానికి వేడిని ఆపేవి నియోప్రీన్‌లోని వాయు బుడగలు. లోపలి నీరు కదలకుండా ఉండటం మాత్రం ముఖ్యం. మెడ, మణికట్టు, నడుము వద్ద వదులుగా ఉన్న దుస్తులోకి చల్లని నీరు పదేపదే చొరబడుతుంది. అందుచేత వదులైన 5 మి.మీ. దుస్తు కంటే ఒంటికి సరిగా అమరిన 3 మి.మీ. దుస్తు మేలు కావచ్చు.

లోతుకు వెళ్ళేకొద్దీ పీడనం పెరిగి బుడగలు నొక్కుకుపోతాయి. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలానికి రెండు రెట్లు, 30 మీటర్ల వద్ద నాలుగు రెట్లు ఉంటుంది. బాయిల్ నియమం ప్రకారం బుడగల ఘనపరిమాణం వరుసగా దాదాపు సగానికి, పావుకు తగ్గుతుంది. రబ్బరు స్వయంగా కుంచించుకోదు కనుక దుస్తు మందం అదే నిష్పత్తిలో తగ్గదు, కాని రక్షణ గణనీయంగా తగ్గుతుంది. చాలాకాలం వాడిన దుస్తులలో బుడగలు శాశ్వతంగా అణగిపోతాయి. అందువలన పాత 3 మి.మీ. దుస్తు కొత్తదానితో సమానం కాదు.

మందం ఎంపిక

సాధారణంగా పాటించే పద్ధతి ఈ విధంగా ఉంటుంది. శిక్షణ సంస్థలను, తయారీదారులను బట్టి ఈ హద్దులు ఒకటి రెండు డిగ్రీలు మారుతాయి.

* 29 డిగ్రీలు, అంతకు పైన: పలుచని లైక్రా దుస్తు లేదా 1–2 మి.మీ. వెట్‌సూట్
* 27–29 డిగ్రీలు: మోకాళ్ళు, మోచేతుల పైవరకు ఉండే 3 మి.మీ. షార్టీ, లేదా 3 మి.మీ. నిండు దుస్తు
* 24–27 డిగ్రీలు: 3 నుండి 5 మి.మీ. నిండు దుస్తు
* 20–24 డిగ్రీలు: 5 మి.మీ. నిండు దుస్తు, హుడ్ అనే తలతొడుగు
* 20 డిగ్రీల కంటే తక్కువ: 7 మి.మీ. దుస్తు. మరీ చల్లని నీటిలో, లోపలికి నీరు రానివ్వని డ్రైసూట్

ఒకే నీటిలో ఇద్దరికి ఒకే మందం సరిపోకపోవచ్చు. సన్నగా ఉన్నవారు, పిల్లలు త్వరగా చల్లబడతారు. పిల్లలలో బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ కావడం ఇందుకు కారణం. కదలకుండా ఉండి ఫోటోలు తీసేవారికి, ఈదేవారి కంటే ఎక్కువ మందం అవసరమవుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు మునిగేవారిలో ప్రతిసారీ పోయిన వేడి మధ్య విరామంలో పూర్తిగా తిరిగిరాదు. మొదటి డైవ్‌కు సరిపోయిన దుస్తు నాలుగో రోజుకు చాలకపోవచ్చు. తడిసిన దుస్తుతో పడవలో గాలికి కూర్చోవడం కూడా చలిని పెంచుతుంది.

బంగాళాఖాతంలో శీతాకాలం

విశాఖపట్నం వద్ద సముద్రపు ఉపరితల నీరు ఏప్రిల్, మే నెలల్లో 29 డిగ్రీల దరిదాపుల్లోను, జనవరిలో సుమారు 25–26 డిగ్రీలలోను ఉంటుంది. అండమాన్ దీవులలో ఏడాది పొడుగునా సుమారు 27–29 డిగ్రీలు ఉంటుంది. కనుక అండమాన్‌లో చాలామందికి సరిపోయే 3 మి.మీ. దుస్తు జనవరిలో రుషికొండ వద్ద ఎక్కువసేపు మునిగేవారికి చాలకపోవచ్చు.

ఉత్తర బంగాళాఖాతంలో మరొక విశేషం కలదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వంటి నదుల నీరు కలవడం వలన పైపొరలో ఉప్పదనం తక్కువ. ఈ పొర శీతాకాలంలో చల్లబడినా తేలికగా ఉండి కిందికి దిగదు. అందువలన కొన్నిచోట్ల పైనీటి కంటే అడుగు నీరే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. దీనిని ఉష్ణ విలోమం అంటారు. వేసవికి ముందు పరిస్థితి తారుమారవుతుంది. ఫిబ్రవరి చివరి నుండి తీరం వెంబడి వీచే నైరుతి గాలుల వలన అడుగునున్న చల్లని నీరు పైకి ఉబికివస్తుంది. అప్‌వెల్లింగ్ అనబడే ఈ ప్రక్రియను 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ తీరంలో అధ్యయనం చేశాడు. ఆ రోజుల్లో ఒడ్డున ఎండ మండుతున్నా లోతున నీరు చల్లగా ఉండవచ్చు.

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతం

సముద్రానికి దూరంగా ఉన్నప్పటికీ ఈ విషయంతో హైదరాబాదు ఉత్తర శివార్లకు సంబంధం ఉన్నది. భారత సముద్రాల ఉపరితల ఉష్ణోగ్రత, అలలు, ప్రవాహాల గురించి సమాచారమిచ్చే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోని ప్రగతినగర్ వద్ద ఉన్నది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ ముఖ్యంగా మత్స్యకారులకు, నౌకలకు సూచనలు ఇస్తుంది. వెట్‌సూట్ మందం నిర్ణయించుకునేవారికి కూడా ఈ సమాచారం ఉపయోగపడుతుంది.

రాజీవ్ రహదారిపై ఉన్న షామీర్‌పేట చెరువు వంటి మంచినీటి జలాశయాలు శీతాకాలంలో సముద్రం కంటే త్వరగా చల్లబడతాయి. ఈ ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రులలో గాలి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు, ఒక్కొక్కసారి అంతకంటే కిందికి పడిపోతుంది. మంచినీటిలో చల్లబడిన పైపొర బరువెక్కి కిందికి దిగుతుంది కనుక లోతు తక్కువైన చెరువు రాత్రికి రాత్రే అడుగు వరకు చల్లబడగలదు. ఇక్కడ విలోమపు వెచ్చదనం లభించదు.

ఇటువంటి చెరువులలో ఎవరైనా మునిగిపోయినప్పుడు గాలింపుకు పోలీసులు గజ ఈతగాళ్ళను పిలిపిస్తారు. వీరు తరచుగా మామూలు దుస్తులతోనే గంటల తరబడి నీటిలో ఉంటారు. శీతాకాలపు ఉదయాలలో ఇలా పనిచేసేవారికి 5 మి.మీ. దుస్తు విలాసం కాదు, భద్రతా సామగ్రి. మంచినీరు సముద్రపు నీటి కంటే సుమారు రెండున్నర శాతం తేలిక కావడం వలన, దుస్తు తేలికను సరిచేయడానికి కట్టుకునే సీసపు బరువులు సముద్రంలో కంటే ఇక్కడ తక్కువ సరిపోతాయి.

డీకంప్రెషన్‌తో సంబంధం

లోతున పీల్చిన గాలిలోని నత్రజని శరీరంలో కరిగి, పైకి వచ్చేటప్పుడు నెమ్మదిగా బయటకు పోవాలి. చలికి చర్మంలోను, కాళ్ళు చేతులలోను రక్తప్రసరణ తగ్గితే ఇది ఆలస్యమవుతుంది. అమెరికా నౌకాదళ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చే దశలో చల్లబడినవారిలో డీకంప్రెషన్ వ్యాధి ఎక్కువగాను, అడుగున చల్లగా ఉండి పైకి వచ్చేటప్పుడు వెచ్చగా ఉన్నవారిలో అరుదుగాను కనిపించింది. ఆ ప్రయోగాలలో చల్లని నీరుగా వాడినది సుమారు 27 డిగ్రీల నీరు. అనగా అండమాన్ శీతాకాలపు నీటి వంటిదే. అవి నౌకాదళపు దీర్ఘ డైవ్‌లు కాబట్టి ఫలితాలు వినోద డైవింగ్‌కు యథాతథంగా వర్తించవు.

మందం ఎక్కువైతే

మందమైన దుస్తు ఎక్కువగా తేలుతుంది, ఎక్కువ సీసం మోయవలసి వస్తుంది. లోతున అది అణిగినప్పుడు తేలే గుణం కూడా అంతే ఎక్కువగా తగ్గుతుంది. ఎండలో పడవపై 5 మి.మీ. దుస్తు ధరించి వేచి ఉంటే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉన్నది. అందుచేత నీటిలోకి దిగే ముందు మాత్రమే దుస్తును పూర్తిగా తొడుగుకోవడం మంచిది. ఉష్ణమండలంలో మందం సందేహాస్పదమైనప్పుడు 3 మి.మీ. దుస్తుకు హుడ్ గల లోపలి చొక్కా జోడించుకోవడం మధ్యేమార్గం. చలి లేని రోజున దానిని తీసివేయవచ్చు. ఎంత పలుచనిదైనా నిండు దుస్తు జెల్లీచేపల కాటు నుండి, పగడపు దిబ్బల గీతల నుండి కూడా రక్షిస్తుంది.

ఇవి కూడా చూడండి

* స్కూబా డైవింగ్
* బంగాళాఖాతం
* హైపోథెర్మియా
* షామీర్‌పేట చెరువు