కనుమ యెక్కని కారు

కంభమునుండి గిద్దలూరు మీదుగా నంద్యాలకు బోవు త్రోవలో, గిద్దలూరు దాటిన కొంతదూరమునకు నల్లమల యెదురగును. పూర్వమునుండి నందికనుమ యని పేరొందిన తావిది. బండ్ల కాలమున ఎద్దులకును, మోటార్ల కాలమున ఇంజనులకును ఇదియే పరీక్ష. మైదానమున ఎన్నాళ్లయినను దాగియుండు లోపము కనుమలో అరగంట దాగదు. "బండి లాగడం లేదు" అని డ్రైవరు అనును. రోగి "ఒంట్లో బాగాలేదు" అనుటవంటి దీ మాట. ఆ మూడు ముక్కలలో పది రోగములు దాగవచ్చును.

కొంతకాలము క్రిందట మేమొక మిత్రుని పాతకారులో ఆ త్రోవ పట్టితిమి. అది 1920-30 నడుమ తయారైన నాలుగు సిలిండర్ల బండి. మిత్రుని తాతగారి నాటిది. కంభము చెరువుకట్ట చూచుకొని బయలుదేరితిమి. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టిన ఆ చెరువునకు 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు లభించినది. గిద్దలూరు వరకు బండి కుట్టుమిషనువలె నడచినది. కనుమలో రెండు మైళ్లెక్కునప్పటికి దగ్గినది, తడబడినది, ఆగిపోయినది. స్టార్టరు కొంతసేపు త్రిప్పగా మరల అంటుకొని, కొంతదూరము పోయి మరల ఆగినది. అదివరకే ఒక పట్టణపు వర్కుషాపువారు "బోరు అరిగిపోయినది, ఇంజను తీసివేసి డీజిలు ఇంజను వేయింపుడు" అని మిత్రునకు చెప్పియుండిరి. ఆ తీర్పు ఖాయమైనచో తాతగారి ఇంజను తుక్కు వర్తకుని కాటా కెక్కవలసినదే.

ఆ తీర్పు సరియో కాదో తేల్చుకొనుటకు ఆనాటి బండ్లకు పెట్రోలు ఏ దారిని వచ్చెడిదో ముందు తెలియవలెను.

1908 మొదలు 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు టి కారులో పెట్రోలు టాంకి ముందు సీటు క్రింద ఉండెడిది. పంపు లేదు. ఎత్తునుండి పల్లమునకు నీరు పారినట్లు పెట్రోలు తన బరువుచేత కార్బురేటరునకు దిగవలెను. టాంకిలో పెట్రోలు తక్కువగా నుండి, బండి నిట్టనిలువు దారి నెక్కునపుడు ఇంజనే టాంకికంటె ఎత్తున పడును, పెట్రోలు దిగదు. అందుచే డ్రైవర్లు బండిని వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో కొండ నెక్కించెడివారు. చూచువారికి అది వింత. ఇంజనునకు అది ప్రాణరక్షణ. దాని తరువాత వచ్చిన ఫోర్డు ఎ కారులో టాంకిని ముందు అద్దము క్రిందనే, ఇంజనుకంటె ఎత్తున అమర్చి ఈ చిక్కు తీర్చిరి.

తక్కిన కంపెనీలు పెక్కు టాంకిని బండి వెనుక పెట్టినవి. అంత దూరమునుండి పెట్రోలును పైకి తెచ్చుట కొక యుక్తి పన్నిరి. ఇంజను గాలి పీల్చు బలముతోనే పెట్రోలును లాగి, బానెట్టు క్రింద నున్న చిన్న డబ్బాలో నింపుట. ఇంగ్లండున దీనిని ఆటోవాక్ అనిరి. అమెరికాలో వాక్యూం టాంకి అనిరి. యుక్తి చక్కనిదే. కాని డ్రైవరు పెడలుపై కాలు వదలినపుడు ఆ పీల్పు ఎక్కువ. పూర్తిగా అదిమినపుడు మిక్కిలి తక్కువ. నిడుపైన కనుమలో కాలెత్తు వారెవరు? డబ్బాలోని పెట్రోలు ఖర్చగుచుండును, క్రొత్తది రాదు. చివరకు బండి ఆగును. డ్రైవరు దిగి కార్బురేటరు విప్పి, జెట్టు ఊది, బిగించి, ఇంజను త్రిప్పును. త్రిప్పుటలో పీల్పు పుట్టి డబ్బా కొంత నిండును, బండి కదలును. నేరము జెట్టు నెత్తిన పడును. ఆనాడు మేమును జెట్టునే నిందించితిమి. ఇట్లు నిరపరాధి దొరకుటచేతనే అసలు దోషి చాలకాలము తప్పించుకొనును.

కావున పాతకాలపు మంచి మెకానిక్కు ముందు స్పానరు పట్టడు. ఇంజను బలమునకు మూడు వలయును: సిలిండరులో బిగువు, వేళకు నిప్పు, తగినపాళ్ల పెట్రోలు-గాలి. ఈ మూడింటిలో ఏది తప్పినదో తేల్చిన పిమ్మటనే విప్పుట. నడచుచున్న ఇంజనులో కర్రపిడి స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క ప్లగ్గును ఇంజను దిమ్మెకు తాకించి, దాని నిప్పు చంపును. ఏ ప్లగ్గు చంపినను శబ్దము మారనిచో ఆ సిలిండరే పనిచేయుట లేదని అర్థము. పిదప ప్లగ్గు రంగు చూచును. లేత గోధుమవన్నె ఆరోగ్యము. పొడిమసి పెట్రోలు ఎక్కువైనదనుటకు, జిడ్డుమసి రింగులు అరిగి నూనె పైకి వచ్చుచున్నదనుటకు, తెల్లబారుట వేడి మించినదనుటకు గుర్తులు.

ఇక బోరు అరిగినదను మాట. దీనికి పరీక్ష చెంచాడు నూనెతోడిది. హ్యాండిలు మెల్లగా త్రిప్పిన ప్రతి సిలిండరు చేతికి ఎదురుతన్నవలెను. ఒకటి తన్నకున్న, దాని ప్లగ్గు రంధ్రమున చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల త్రిప్పవలెను. బిగువు పెరిగెనా, లోపము రింగులది లేక బోరుది. నూనె వారికి అతుకు వేసినది. పెరగకున్న వాల్వులది. పది నిమిషముల పని. ఈ పని చేయకయే ఇంజనును మార్చుమని చెప్పువారిని గూర్చి మేము వేరుగా వ్యాఖ్యానింపము.

నిప్పు వేళను గూర్చియు ఒకమాట. ఫోర్డు టి స్టీరింగు క్రింద రెండు మీటలుండెడివి: కుడిది పెట్రోలుకు, ఎడమది నిప్పు వేళకు. హ్యాండిలు కొట్టునపుడు నిప్పును ఆలస్యము చేయవలెను, లేనిచో హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరుగును. బండి నడచుచుండగా వేళను ముందునకు జరుపవలెను. జరుప మరచినచో బలము తగ్గును, ఇంజను కాగును. దీనిని తానై సవరించుకొను ఏర్పాటు వచ్చినపిదప డ్రైవర్లు ఆ విద్యనే మరచిరి. నేడు పాతబండి నడుపువారు ఆ మీటను అలంకారమనుకొనుట కద్దు.

కొండ యెత్తును నిందించుట ఈ సీమలో అంత న్యాయము కాదు. వేయి అడుగుల ఎత్తునకు ఇంజను బలము నూటికి సుమారు మూడు పాళ్లే తగ్గును. ఎండ అంతకంటె గట్టి దొంగ. 15 డిగ్రీల గాలితో పోల్చిన 45 డిగ్రీల గాలి నూటికి తొమ్మిది పాళ్లకు పైగా పలుచన. గాలి పలుచనైన కొలది పెట్రోలు పాలు ఎక్కువై ఇంజను మందగించును. దీనికి నీటి బాధ తోడు. ఫోర్డు టిలో నీటిపంపు లేదు. వేడినీరు పైకి, చల్లనినీరు క్రిందికి తమంత తాము తిరుగవలెను. పైగొట్టము మట్టమునకు దిగువగా నీరు తగ్గినచో ఆ తిరుగుడే ఆగును. కాఠిన్యము గల బావినీరు పోసిన, సున్నపు పెచ్చు పేరి రేడియేటరు గొట్టములు పూడును. వేడెక్కిన రేడియేటరుపై అరచేయి జాగ్రత్తగా ఆడించిన పూడినచోట చల్లగా తగులును.

ఇంధనమే రోగమైన కాలము నొకదానిని ఈ దేశము చూచినది. 1941లో పెట్రోలు రేషను వచ్చినది. 1942లో బర్మా జపానువారి వశమై అచటి నూనె ఆగినది. మద్రాసు రాజధానిలో బస్సులు బొగ్గుగ్యాసునకు మారినవి. కంభము, గిద్దలూరు, మార్కాపురములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. బస్సు వెనుక ఇనుప కొలిమి, దానిలో కట్టెబొగ్గు. బయలుదేరుటకు ముందు చేతిపంకా త్రిప్పి రాజవేయుట. పుట్టిన గ్యాసులో మండునది ప్రధానముగా విషవాయువగు కార్బన్ మోనాక్సైడు. సగము వరకు మండని నైట్రోజను. బలము మూడింట ఒకవంతు, ఒక్కొకచో సగము తగ్గెడిది. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోయుట ఆనాటివారు నవ్వుచు చెప్పుకొనెడి మాట. బండి లాగకుండుట అప్పుడు ఇంజను దోషము కాదు. ఆ గ్యాసు నెమ్మదిగా మండును గనుక నిప్పు వేళను ముందునకు జరిపెడివారు. యుద్ధము ముగిసి పెట్రోలు తిరిగి వచ్చినపుడు వేళను వెనుకకు తేని ఇంజను గడగడ కొట్టుకొనుట సహజము. వాల్వుల కంటిన తారు, బూడిద తీయనిచో బిగువు రాదు.

నేటి పెట్రోలును మరియొక మార్పు పొందినది. 2025 నాటికి మన దేశమున నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపెడి స్థితి వచ్చినది. క్రొత్త బండ్ల సంగతి వేరు. పాత కార్బురేటర్లు కొన్నింటిలో బెండుతో చేసిన తేలుడుకాయ యుండును, దానిపై లక్కపూత. లక్కను కరగించుట ఇథనాలు స్వభావము. పూత పోయిన బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగును, కార్బురేటరు పొంగును, ప్లగ్గులు మసిబారును. నూరేండ్లు చెడని వస్తువు ఒక సంవత్సరమున చెడినచో ఇంజను వయస్సును నిందింపక, క్రొత్తగా వచ్చిన దేమో చూడవలెను.

మిత్రుని కారు కథ మిగిలినది. ఆ సాయంత్రము బండిని దింపి గిద్దలూరు చేర్చితిమి. మరునాడుదయము హ్యాండిలు త్రిప్పి చూడగా నాలుగు సిలిండర్లును సమముగా ఎదురుతన్నినవి. ప్లగ్గులు గోధుమవన్నెతో నున్నవి. బోరు నిర్దోషి. వాక్యూం డబ్బా మూత క్రింది గాస్కెట్టు మాత్రము ఎండి పగిలి గాలి పీల్చుచుండెను. ఉన్న కొద్ది పీల్పును అటు పోవుచుండెను. బెండురేకునుండి క్రొత్త గాస్కెట్టు కత్తిరించి వేసి మరల కనుమ పట్టితిమి. ప్రతి మలుపువద్దను మిత్రుడు పెడలుపైనుండి రెండు క్షణములు కాలెత్తెను. బండి ఎక్కడను ఆగలేదు. రేడియేటరు మాత్రము కొంత నీరు ఆవిరి చేసినది. గాజులపల్లె చేరి, కంభమున నింపుకొన్న డబ్బా మూత విప్పితిమి.