కట్టేసిన దుకాణం, ఎత్తేసిన దుకాణం

మా ములుగు వైపు "దుకాణం కట్టేసిండు" అంటే ఒక అర్థం, "దుకాణం ఎత్తేసిండు" అంటే మరొక అర్థం. మొదటిదానికి రాత్రి అయింది, తలుపులు వేసి ఇంటికి వెళ్ళాడని భావం. సరుకు అరల్లోనే ఉంటుంది, తరాజు కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది, తెల్లవారి తలుపు తీస్తే చాలు బేరం మొదలు. రెండవది మేడారం జాతర ముగిసిన తరువాత జరిగేది. రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మల గద్దెల చుట్టూ వెలసే అంగళ్ళవారు సరుకు మూటగట్టి, గుంజలు పీకి, జాగా ఖాళీ చేసి పోతారు. ఈ రెండు క్రియల భేదం తెలియని తెలుగువాడు ఉండడు. అయినా విండోస్ మీద చేయి తిరిగినవారు ఆపిల్ వారి మాక్ ముందు కూర్చున్నప్పుడు సరిగ్గా ఇక్కడే తడబడతారు.

అమెరికాలోని పిల్లలు తాము వాడిన మాక్‌బుక్కును తల్లిదండ్రులకు తెచ్చి ఇవ్వడం ఇప్పుడు మన పట్టణాల్లో అరుదు కాదు. ఇంటూ గుర్తు నొక్కి పని ముగించిన అలవాటుతో ఆ పెద్దలు ఇక్కడ ఎర్ర బొత్తాన్ని నొక్కుతారు. కిటికీ మాయమవుతుంది. కాని తెర అడుగున డాక్ అనే పట్టీలో ఆ అప్లికేషన్ బొమ్మ కింద చిన్న చుక్క మిగిలే ఉంటుంది. తెర పైఅంచున దాని మెనూ చెక్కుచెదరదు. అది నిజంగా వెళ్ళిపోవాలంటే మెనూలోని క్విట్‌ను ఎంచుకోవాలి, లేదా కమాండ్, క్యూ మీటలు కలిపి నొక్కాలి. యంత్రం చెడిందేమోనని కొందరు, తమకే వయసు మీద పడిందేమోనని కొందరు కలత చెందుతారు. రెండూ కావు. ఇది నలభైయేళ్ళ కిందటి ఇరుకింటి ఆచారం.

1984 జనవరి 24న వెలువడిన తొలి మాకింటాష్‌లో మెమరీ 128 కిలోబైట్లు మాత్రమే. హార్డ్ డిస్కు లేదు. 400 కిలోబైట్ల ఫ్లాపీయే సర్వస్వం. ఒకసారికి ఒక్క అప్లికేషనే నడిచేది. పైగా బొమ్మలు గీసే మాక్‌పెయింట్ ఒకసారికి ఒక్క చిత్రాన్నే తెరిచేది. రెండవ చిత్రం కావాలంటే మొదటిదాన్ని మూయవలసిందే. మూసిన వెంటనే అప్లికేషన్ కూడా వెళ్ళిపోతే? ఫ్లాపీ గిరగిర తిరిగి ఫైండర్ రావాలి, మళ్ళీ తిరిగి మాక్‌పెయింట్ రావాలి. అందుకని చిత్రం పోయినా చిత్రశాల నిలిచి ఉండేలా కట్టారు. మెనూను కిటికీకి కాక తెర నెత్తికి తగిలించడం వల్ల ఇది కుదిరింది. ఒక్క కిటికీ లేకున్నా 'ఓపెన్' అనే ఆజ్ఞ చేతికి అందుతూనే ఉంటుంది.

అంతకు ముందటి ఏడు, 1983లో, ఆపిల్ వారే తెచ్చిన లీసా పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. అందులో వాడుకరి అప్లికేషన్‌ను కాదు, కాగితాన్నే తెరిచేవాడు. పని ఆపదలచినప్పుడు మెనూలో రెండు ఆజ్ఞలుండేవి: 'పక్కన పెట్టు' అనే అర్థంలో ఒకటి, 'భద్రపరచి సర్దివేయి' అనే అర్థంలో మరొకటి. బల్ల ముందు కూర్చుని పనిచేసే మనిషి భాష అది. దాదాపు పదివేల డాలర్ల ధర ఆ యంత్రాన్ని ముంచింది. దానితోపాటు ఆ మాటలూ పోయాయి. నష్టమేనని నా అభిప్రాయం.

1985 నవంబరులో వచ్చిన విండోస్ ఏ అప్లికేషన్ మెనూను ఆ అప్లికేషన్ కిటికీలోనే ఉంచింది. కిటికీ పోతే మెనూ కూడా పోతుంది; ఆజ్ఞాపించే చోటే లేని అప్లికేషన్ మిగిలి ప్రయోజనమేమి? అందుచేత అక్కడ ఆఖరి కిటికీ మూయడమంటే దుకాణం ఎత్తివేయడమే అయింది. 1995 ఆగస్టులో విండోస్ 95 ఇంటూ గుర్తును కుడి మూలన స్థిరపరచింది. అయితే అక్కడా నియమం నిష్కళంకం కాదు. వర్డ్ 97లో పెద్ద కిటికీ లోపల పత్రాల చిన్న కిటికీలుండేవి. ఒకదాని కింద ఒకటి రెండు ఇంటూ గుర్తులు. కిందిది పత్రాన్ని మూసేది, పైది వర్డ్‌నే సాగనంపేది. మాక్ ముఖం చూడనివారు కూడా ఈ భేదాన్ని ఒకప్పుడు వేలితో ఎరుగుదురన్నమాట!

మాక్‌లో 1987 నాటి మల్టీఫైండర్‌తోనూ, 1991 నాటి సిస్టమ్ 7తోనూ అనేక అప్లికేషన్లు కలిసి నడవసాగాయి. అప్పుడు పాత సౌకర్యమే బరువైంది. కిటికీ లేని అప్లికేషన్లు కంటికి కనబడకుండా మెమరీని ఆక్రమించేవి, జాతర ముగిసినా గుంజలు పీకని అంగడిలాగ. ఆ ఆక్రమణ ఎంత భారమో మన బడుల ఏర్పాటును తలచుకుంటే బోధపడుతుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 పాఠశాలల కంప్యూటర్ విద్యా పథకానికి ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలు వచ్చాయి. ఒక కంప్యూటరు శక్తిని అనేకమంది విద్యార్థుల తెరలకు పంచడం వాటి కిటుకు. అటువంటి చోట ఒక పిల్లవాడు పని ముగించక తెరను మాత్రం ఆర్పి లేచిపోతే, వాడి అప్లికేషన్ పక్కవాళ్ళ పాలు మెమరీని తింటూనే ఉంటుంది.

మాటల చిక్కు మరొకటి. తెలుగు అనువాదాల్లో క్లోజ్‌కు 'మూసివేయి' అనీ, క్విట్, ఎగ్జిట్‌లకు 'నిష్క్రమించు' అనీ వాడుక. మొదటిది సకర్మకం, రెండవది అకర్మకం. మరి నిష్క్రమించేదెవరు? సంస్కృత నాటకాల్లో నిష్క్రమించేది పాత్ర, ప్రేక్షకుడు కాదు. కాని తెర మీద ఆ మాట చూసిన వాడుకరికి తననే వెళ్ళిపొమ్మంటున్నట్టు తోస్తుంది. 'ఎత్తివేయి' అని ఉంటే ఈ బాధ లేకపోను. పండితులు నవ్వితే నవ్వనీ.

2011 నాటి లయన్, తెలుగు ఖతులను వెంట తెచ్చుకున్న మాక్ కూర్పు, ఇంకొక మెట్టెక్కింది. కిటికీలు లేని కొన్ని అప్లికేషన్లను, జాగా అవసరమైతే, అడగకుండానే యంత్రం ఎత్తివేయసాగింది. చేతిఫోన్లలో అంతకు ముందునుంచే ఆ భారం వ్యవస్థదే. అయినా జనం ఊరుకోరు. వరుసగా వచ్చే అప్లికేషన్ల బొమ్మలను వేలితో పైకి తోసి పారేస్తూ ఉంటారు. దానివల్ల బ్యాటరీ ఆదా అవుతుందా అని 2016లో ఒకరు అడిగితే, ఆపిల్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరిగీ కాదని జవాబిచ్చాడు. హనుమకొండ బస్సులో కూర్చుంటే చూడవచ్చు, ఆ తోసివేత మాత్రం ఆగలేదు.