వాన మైదానంలో బేస్‌బాల్

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు సరస్సు పరిసరాల్లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, ఆపై డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మైదానాలను తడుపుతాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు మీదుగానే సముద్రం చేరాలి. చుట్టుపక్కల పల్లపు నేలలు త్వరగా ఆరవు. బేస్‌బాల్‌కు అసలు చిక్కు బంతితోనే. తోలు తడిస్తే బరువెక్కి, దాన్ని విసిరే పిచ్చర్ వేళ్లలోంచి జారుతుంది. గురి తప్పిన బంతి బ్యాటర్‌కు నిజంగా ప్రమాదం. తడిగడ్డి మీద అది జారుకుంటూ పోతుంది, నీరు నిలిచినచోట ఆగిపోతుంది. ఫీల్డర్ అంచనా రెండుచోట్లా తప్పుతుంది. బంకమట్టిలో పరుగెత్తేవారి చీలమండలు బెణుకుతాయి. అంపైర్ ఆట నిలిపిన వెంటనే పిచ్చర్ నిలబడే దిబ్బను టార్పాలిన్‌తో కప్పాలి. ఆట మళ్లీ మొదలు కాకపోయినా, సాధారణంగా 5 ఇన్నింగ్స్ పూర్తయితే ఫలితం చెల్లుతుంది. ఉరుము వినిపిస్తే ప్రేక్షకులు చెట్ల కిందికి పోకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు పక్కా భవనంలోనే ఉండాలి.